శీతాకాలపు సెలవులను సేవకు, సార్థకతకు మలచుకోవడం ఎలా

డిసెంబరు మూడో వారంలో సేవ చేయాలన్న ఆలోచన వచ్చి స్వచ్ఛంద సంస్థలకు ఫోన్ చేసేవారికి తరచుగా ఎదురయ్యే జవాబు ఒకటుంది: ఈ వారానికి మనుషులు సరిపడా ఉన్నారు, వీలైతే జనవరిలో రండి. అది విని చాలామంది నిరుత్సాహపడి ఆ ఆలోచననే వదిలేస్తారు. సాయం చేయాలన్న కోరిక మనలో ఏడాది చివర ఉప్పొంగుతుంది గాని, సాయం కావలసినవారి అవసరం పండుగ తేదీలను బట్టి పెరగదు, తగ్గదు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడాన్ని ముందే గమనించి ఏర్పాటు చేసుకున్నవారి సేవ ఎదుటివారికి పనికొస్తుంది, వారి సెలవులకూ ఒక అర్థం దక్కుతుంది. ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నవంబరులో మొదలుపెట్టగలిగితే మంచిది. డిసెంబరు చివర దీన్ని చదువుతున్నవారికి కూడా చేయగల పనులు ఇందులో చాలానే ఉన్నాయి.

ముందు కొన్ని పనులు తీసేయండి

ఇప్పటికే నిండిపోయిన సెలవులకు సేవ అనే మరో పనిని తగిలిస్తే అది అందరికీ భారమవుతుంది. అందుకని ఆ రెండు వారాల్లో మీ ఇంట్లో జరగబోయే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి: ప్రయాణాలు, విందులు, కొనుగోళ్లు, ఇంటి అలంకరణ, బంధువుల రాకపోకలు, పిల్లలకు ఇచ్చిన మాటలు. ఒక్కొక్క పని పక్కన అది ఎవరి సంతోషం కోసం జరుగుతోందో ఆ మనిషి పేరు రాయండి. కొన్నింటి పక్కన ఏ పేరూ తోచదు. ఏటా చేస్తున్నాం కాబట్టి ఈసారీ చేస్తున్నాం, అంతే. తీసేయవలసినవి అవే. అలాంటివి రెండు తగ్గినా ఒక పూట మిగులుతుంది, ఒక పూట చేతిలో ఉంటే సేవకు అది మంచి ఆరంభం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. పండుగ రోజుల్లో ఇంటి పని చాలావరకు ఒక్కరి మీదే పడుతుంది, ఎక్కువ ఇళ్లలో ఆ ఒక్కరు ఎవరో అందరికీ తెలుసు. ఆ మనిషి వంటగదిలో అలసిపోతూ ఉండగా మిగతావారు బయటికి వెళ్లి సేవ చేసి వచ్చామని చెప్పుకోవడం నా దృష్టిలో సేవ కాదు. ఇంట్లో పని పంచుకోవడం దగ్గరే సేవ మొదలుకావాలి. ఏ పనికి వెళ్లాలో నిర్ణయించేటప్పుడు ఆ మనిషి మాట ముందు వినాలి, ఆ రోజు ఇంటి పని ఎవరు చూసుకుంటారో కూడా అప్పుడే తేలాలి.

కానుకల విషయంలో కోత పెట్టడానికి చాలామంది వెనకాడతారు, తక్కువ చేశామనుకుంటారేమోనన్న మొహమాటం అందుకు కారణం. ఈ విషయంలో పరిశోధనలు కొంత ధైర్యాన్నిస్తాయి. ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో ప్రచురించిన వ్యాసంలో, పండుగ కానుక కొన్నవారు పెట్టిన ఖర్చు కన్నా అందుకున్నవారు దానికి కట్టిన విలువ సుమారు పదోవంతు నుంచి మూడోవంతు వరకు తక్కువగా ఉన్నట్టు లెక్కగట్టారు. మనస్తత్వశాస్త్రవేత్తలు టిమ్ కాసర్, కెన్నన్ షెల్డన్ 2002లో క్రిస్మస్ గడిపిన తీరు గురించి మనుషులను అడిగి చూస్తే, కుటుంబంతో గడపడానికి, దైవచింతనకు ప్రాధాన్యమిచ్చినవారు ఎక్కువ సంతోషంగా ఉన్నామని చెప్పారు. ఖర్చు పెట్టడం, కానుకలు అందుకోవడమే ప్రధానమైనవారిలో ఆ సంతోషం తక్కువగా కనిపించింది. పెద్దలందరూ ఒకరికొకరు కొనే బదులు చీటీలు వేసి తలా ఒకరికే కొనేట్టు, మిగిలిన సొమ్మును అందరూ కలిసి ఎంచుకున్న ఒక పనికి ఇచ్చేట్టు ఒప్పందం చేసుకోవచ్చు. ఈ మాట నవంబరులోనే ఎత్తాలి. కొనుగోళ్లు అయిపోయాక ఎత్తితే అప్పటికే కొన్నవారిని తప్పుపట్టినట్టు ఉంటుంది.

ఇచ్చే మొత్తం చిన్నదని సంకోచించనక్కరలేదు. ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, మైకేల్ నార్టన్ 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరికి ఉదయం 5 డాలర్లో 20 డాలర్లో ఇచ్చి, సగంమందిని తమ కోసం, సగంమందిని ఇతరుల కోసం సాయంత్రంలోగా ఖర్చు పెట్టమన్నారు. ఇతరుల కోసం ఖర్చు పెట్టినవారే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు, చేతిలో పెట్టింది 5 డాలర్లా 20 డాలర్లా అన్నది అందులో తేడా తేలేదు.

ఏ పని ఎంచుకోవాలి

సంస్థలను అడగవలసిన ప్రశ్న “మేము ఫలానాది చేయాలనుకుంటున్నాం, చేయవచ్చా” అన్నది కాదు. “ఈ నెలలో మీకు మనుషులు దొరకని పని ఏది” అని అడగాలి. మొదటి ప్రశ్నకు మొహమాటం కొద్దీ సరేనంటారు. రెండో ప్రశ్న అడిగితే ఒక్క క్షణం ఆగి నిజం చెబుతారు: గిడ్డంగి సర్దాలి, లెక్కల పుస్తకం చూడాలి, సామాన్లు దింపడానికి బండి కావాలి, పండుగ మర్నాడు అంట్లు తోమేవారు లేరు. ఇలాంటి పనుల్లో కృతజ్ఞతతో మెరిసే ముఖాలు కనిపించవు. అయినా వాటిని ఒప్పుకున్నవారినే సంస్థలు తమ మనుషులుగా చూస్తాయి.

ఫుడ్ బ్యాంకుల సంగతే తీసుకోండి. పారవేయబోయే మంచి ఆహారాన్ని సేకరించి ఆకలితో ఉన్నవారికి చేర్చే ఈ పద్ధతికి 1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ నాంది పలికారు. పండుగ ముందు వీటికి సరుకులు కుప్పలుగా వచ్చి పడతాయి. వచ్చినవాటిలో ప్రతి డబ్బానూ ఎవరో ఒకరు చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి: తేదీ దాటిందా, మూత ఉబ్బిందా, అతుకు దగ్గర సొట్ట పడిందా, పొట్లం చిరిగిందా, లోపల ఏముందో చెప్పే చీటీ ఊడిపోయిందా. మధ్యలో చిన్న సొట్ట ఉన్న డబ్బా పనికొస్తుంది. అతుకు మీద సొట్ట ఉంటే లోపలికి గాలి చొరబడి ఉండవచ్చు కాబట్టి పక్కన పెట్టేయాలి. గంటల తరబడి నిలబడి చేసే పని ఇది. మీ ఇంటి అలమరలో ఏళ్ల తరబడి ఉన్నవాటిని ఏరి ఇస్తే ఆ పని ఇంకా పెరుగుతుంది. సరుకుల కన్నా డబ్బు ఇవ్వడమే చాలాచోట్ల మేలు, ఎందుకంటే టోకున కొనే సంస్థకు అదే సొమ్ముతో మనకన్నా ఎక్కువ వస్తుంది, ఏది తక్కువ పడిందో కూడా వారికే తెలుసు. వస్తువులే ఇవ్వాలనుకుంటే వారి దగ్గర కావలసినవాటి జాబితా అడిగి, అందులో ఉన్నవే కొత్తవి కొని ఇవ్వండి.

రక్తదానం చేయగల ఆరోగ్యం ఉన్నవారికి సెలవుల్లో ఇంతకన్నా సూటిగా ఉపయోగపడే పని ఉండదని నా నమ్మకం. శీతలీకరించిన ఎర్ర రక్తకణాలు 42 రోజుల వరకు నిలవ ఉంటాయి. ప్లేట్‌లెట్ల సంగతి వేరు: వాటిని 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య, ఆగకుండా మెల్లగా ఊపే పరికరం మీద ఉంచినా 5 నుంచి 7 రోజులే పనికొస్తాయి. అంటే డిసెంబరు 20న ఇచ్చిన ప్లేట్‌లెట్లు కొత్త సంవత్సరం నాటికి ఉండవు. కళాశాలలు, కార్యాలయాలు మూతపడి శిబిరాలు ఆగిపోతాయి, దాతలు ఊళ్లు వెళతారు, జలుబు జ్వరాల వల్ల మరికొందరు ఇవ్వలేకపోతారు; క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి మాత్రం సెలవుల వారంలోనూ ప్లేట్‌లెట్లు ఎక్కించవలసిందే. అందుచేత క్రిస్మస్ మర్నాటి నుంచి జనవరి మొదటి వారం లోపు ఒక రోజుకు ముందుగానే సమయం తీసుకోండి. ఇంతకుముందు ఎప్పుడు ఇచ్చారు, ఏ మందులు వాడుతున్నారు అన్న వివరాలు దాచకుండా చెప్పండి.

ఒక పనికి మాత్రం దూరంగా ఉండమని కోరుతున్నాను. పిల్లల ఆశ్రమాలకు పండుగ పూట వెళ్లి, కాసేపు ఎత్తుకుని ఆడించి, కానుకలు పంచి, ఫోటోలు దిగి రావడం ఎంతో మంచి మనసుతోనే జరుగుతుంది. కాని కొత్త ముఖాలు వచ్చి దగ్గరై, మర్నాటి నుంచి కనిపించకుండా పోవడం ఆ పిల్లలకు పదేపదే జరిగితే, మనుషుల మీద నమ్మకం పెట్టుకోవడమే వారికి కష్టమవుతుంది. అనాథాశ్రమాల్లో స్వచ్ఛంద సేవ పేరిట జరిగే హానిని అరికట్టాలని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2019లో బాలల హక్కుల తీర్మానంలో సభ్య దేశాలను కోరింది. పిల్లల కోసం ఏదైనా చేయాలనుకుంటే, పేదరికం వల్ల పిల్లలు కుటుంబానికి దూరం కాకుండా చూసే సంస్థలకు తోడ్పడండి. ఏడాది పొడవునా వారం వారం చదువు చెప్పగలిగితే ఇంకా మంచిది.

ఒంటరిగా ఉన్నవారి దగ్గరకు వెళ్లేటప్పుడు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఒంటరితనంతో ఉన్నవారు అడగరు, అడగడానికి మనసొప్పదు. ఇటీవలే జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారు, కొత్త ఊరికి వచ్చి ఎవరూ తెలియనివారు, మంచాన పడ్డ తల్లినో తండ్రినో చూసుకుంటూ బయటికి కదలలేనివారు మీ ఎరికలోనే ఉంటారు. వారి దగ్గరకు వెళ్లడానికి ఏ సంస్థా అక్కరలేదు, అందుకే డిసెంబరు చివర ఈ వ్యాసం చదువుతున్నవారు ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

“ఏదైనా సాయం కావాలంటే చెప్పండి” అన్న మాట ఎంత మనస్ఫూర్తిగా అన్నా పని చేయదు, ఎందుకంటే ఏం అడగాలో, ఎంతవరకు అడగవచ్చో తేల్చుకునే భారం దానివల్ల అవతలివారి మీద పడుతుంది. “గురువారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా నేను వచ్చి మీ అమ్మగారి దగ్గర కూర్చుంటాను, మీరు బయటికి వెళ్లి రండి” అని చెప్పి చూడండి. రోజు, వేళ, చేసే పని మూడూ అందులో ఉన్నాయి. సరే అనో, శుక్రవారమైతే బాగుంటుందనో చెప్పడం తేలిక. ఆ మూడు గంటల్లో ఆమెకు ఏ మందు ఎప్పుడు ఇవ్వాలో, ఎటు తిరిగి పడుకుంటే నొప్పి లేదో, ఏ సంగతి ఎత్తితే దిగులు పడుతుందో ముందు రోజే అడిగి రాసుకోండి. వెళ్లినవారు తిరిగి వచ్చేదాకా ఫోన్ చేసి వివరాలు అడుగుతూ ఉంటే వారికి దొరికిన ఆ కాస్త విశ్రాంతీ పోతుంది.

వృద్ధాశ్రమంలో గాని, ఇంట్లో గాని పెద్దవారిని చూడబోతే కొన్ని చిన్న విషయాలు చాలా తేడా తెస్తాయి. మంచం పక్కన నిలబడి పైనుంచి మాట్లాడవద్దు. కుర్చీ లాక్కుని, మీ ముఖం వారి కళ్ల ఎత్తున ఉండేట్టు, వెలుతురు మీ ముఖం మీద పడేట్టు కూర్చోండి. వినికిడి తగ్గినవారు పెదవుల కదలిక చూసి మాట అందుకుంటారు కాబట్టి అరవడం కన్నా ఇది ఎక్కువ పని చేస్తుంది. “నేనెవరో గుర్తుపట్టారా” అని పరీక్ష పెట్టవద్దు, మీ పేరు మీరే చెప్పండి. మతిమరుపు ఉన్నవారు చెప్పిందే చెబుతుంటే మొదటిసారి విన్నట్టే వినండి. వారు ఏదైనా ఇవ్వబోతే, అది పండైనా, పాత ఫోటో అయినా, సలహా అయినా, వద్దనకుండా తీసుకోండి. ఎప్పుడూ పుచ్చుకునే స్థానంలో ఉండవలసి రావడం వృద్ధాప్యపు బాధల్లో పెద్దది. జలుబు గాని జ్వరం గాని ఉంటే ఎంత మాటిచ్చినా వెళ్లకండి. మీకు రెండు రోజుల్లో తగ్గేది వారికి ప్రాణం మీదకు తేవచ్చు. ఆ రోజు ఫోన్ చేసి మాట్లాడండి, ఇంకో రోజు చెప్పండి.

ఆ ఏడాది మరణం సంభవించిన ఇంటికి పండుగ రోజుల్లో వెళ్లడానికి జంకుతారు, వెళ్లినా పోయినవారి ప్రస్తావన రాకుండా జాగ్రత్తపడతారు. ఆ జాగ్రత్త తరచుగా ఎదురు తిరుగుతుంది. ఇంట్లోవారు ఆ మనిషి గురించే ఆలోచిస్తుంటే చుట్టూ ఉన్నవారు ఆ పేరే మరిచిపోయినట్టు ఉంటుంది. పోయినవారి గురించి మీకు తెలిసిన ఒక సంగతి, వారు చేసిన ఒక మేలు, అన్న ఒక మాట చెప్పండి. కన్నీళ్లు వస్తే కంగారుపడి మాట మార్చకండి. తిరిగి వెళ్లాక అదే సంగతిని చేతిరాతతో ఒక ఉత్తరంగా రాసి పంపితే వారు దాన్ని దాచుకుంటారు.

మాట వినడంలో నేర్పు ఉన్నవారు హెల్ప్‌లైన్ల గురించి ఆలోచించవచ్చు. ఛాద్ వరా 1953లో లండన్‌లో మొదలుపెట్టిన సమారిటన్స్ వంటి సంస్థల్లో ఫోన్ ఎత్తేది ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే. శిక్షణ పూర్తికానిదే ఫోన్ ముందు కూర్చోనివ్వరు కాబట్టి ఈ సెలవుల్లో దరఖాస్తు చేస్తే వచ్చే ఏడాది పండుగలకు మీరు సిద్ధంగా ఉంటారు.

పిల్లలు, ఫోటోలు

పిల్లలను సేవకు తీసుకువెళ్లేటప్పుడు వారికి నిజమైన బాధ్యత ఒకటి అప్పగించండి. లెక్క రాయడమో, పేర్లు పిలవడమో, సంచులు మడత పెట్టడమో, వారు చేయకపోతే ఆగిపోయే పనై ఉండాలి. “చూశావా, వాళ్లకు ఏమీ లేదు, నువ్వెంత అదృష్టవంతుడివో” అని మాత్రం చెప్పకండి. ఎదుటి మనిషి కష్టాన్ని పాఠంగా వాడుకోవడం ఆ మనిషికి అవమానం. దానివల్ల పిల్లలకు జాలిపడటం వస్తుంది గాని గౌరవించడం రాదు. ఫోటోల విషయంలో నియమం ఒక్కటే: సాయం అందుకుంటున్నవారి ముఖం మీ ఫోన్‌లోకి రాకూడదు. ఇచ్చే చేతుల్లో ఉన్న వస్తువు కోసం నిలబడ్డ మనిషి, ఫోటో వద్దని చెప్పగల స్థితిలో ఉండడు.

అర్థం ఎక్కడ దొరుకుతుంది

సేవ చేసి వచ్చాక మనసు తేలికపడుతుందని అందరూ అనుకుంటారు. కొన్నిసార్లు దానికి భిన్నంగా బరువెక్కుతుంది, చేసింది ఏ మూలకూ చాలదనిపిస్తుంది. ఆ భావాన్ని తోసేయవద్దు. ఆ రాత్రి పడుకోబోయే ముందు, వెళ్లినవారంతా కూర్చుని, ఎవరితో మాట్లాడారో, ఆ మనిషి గురించి కొత్తగా ఏం తెలిసిందో, ఏది చూసి మనసు కలుక్కుమందో తలా ఒక మాట చెప్పుకోండి. ఎంత పంచాం, ఎంతమందికి పంచాం అన్న లెక్క అందులోకి తేవద్దు. మీరు చూసిన మనుషులు మీకు పేరుతో, గొంతుతో గుర్తుండిపోవడం మొదలైతే ఆ బరువు మెల్లగా బాధ్యతగా మారుతుంది.

12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా వర్ణించాడు. అన్నిటికన్నా కింది మెట్టు అయిష్టంగా ఇచ్చేది. పై నుంచి రెండోది ఇచ్చినవారెవరో పుచ్చుకున్నవారికి, పుచ్చుకున్నవారెవరో ఇచ్చినవారికి తెలియకుండా జరిగేది. అన్నిటికన్నా పైది, మనిషి ఇక ఎవరి ముందూ చేయి చాచనక్కరలేకుండా అప్పో, భాగస్వామ్యమో, పనో ఇచ్చి నిలబెట్టేది. సెలవుల్లో మనం చేసేవి ఎక్కువగా మధ్య మెట్లలో ఉంటాయి, అందులో తప్పేమీ లేదు. అయితే ఉద్యోగం కోసం తిరుగుతున్నవారి దరఖాస్తు సరిదిద్దడం, తెలిసిన చోట వారి పేరు చెప్పడం, వారు చేసే పనికి డబ్బిచ్చి చేయించుకోవడం వంటివి సెలవుల తీరికలో చేయగలవే. వాటిని ఎవరూ సేవ కింద లెక్కవేయరు గాని మైమోనిడీస్ పై మెట్టుకు దగ్గరగా ఉండేవి అవే.

జనవరి తేదీ ముందే వేసుకోండి

డిసెంబరు 5ను స్వచ్ఛంద సేవకుల దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 1985లో ప్రకటించింది. డిసెంబరు 20 మానవ సంఘీభావ దినం. ఈ రెండు తేదీలను ఏర్పాట్లకు గుర్తులుగా వాడుకోవచ్చు: మొదటి తేదీలోగా ఏ పని చేయాలో తేల్చుకుని సంస్థతో మాట్లాడండి, రెండో తేదీలోగా ఒకసారి వెళ్లి పని నేర్చుకోండి. పండుగ రోజుకు కొత్తవారిగా వెళితే వారికి మీకు పని చూపించడమే ఒక పనవుతుంది.

సెలవులు ముగిశాక వచ్చే నెలల్లోనే సంస్థలకు మనుషులు కరువవుతారు. చలి తగ్గదు, ఆకలి తగ్గదు, వచ్చేవారు తగ్గిపోతారు. ఆరంభశూరత్వం మన స్వభావంలో ఉందని ఒప్పుకుని, దానికి తగిన కట్టుదిట్టం ముందే చేసుకోవడం మంచిది. సెలవుల్లో చివరిసారి వెళ్లిన రోజు బయలుదేరే ముందే, ఎదుటివారి సమక్షంలో, తర్వాతి తేదీ రాసుకోండి. మొదటిది జనవరి చివరి వారంలో, రెండోది ఫిబ్రవరిలో ఉంటే చాలు. వారానికి ఒకసారి వస్తానని ఆవేశంలో చెప్పి మానేయడం కన్నా నెలకు ఒక పూట చెప్పి తప్పకుండా వెళ్లడం సంస్థకు ఎంతో మేలు, ఎందుకంటే వారు ఆ పూటకు మీ పేరు వేసుకుని ఇంకొకరిని వెతకడం మానేస్తారు. ఇచ్చే డబ్బు కూడా డిసెంబరులో ఒకేసారి కాకుండా నెలనెలా కొంత చొప్పున వెళ్లేట్టు బ్యాంకులో ఏర్పాటు చేస్తే, జీతాలకు, అద్దెకు ఎంత వస్తుందో వారు ముందే లెక్క చూసుకోగలుగుతారు.

ఎప్పుడైనా కొనసాగించలేని పరిస్థితి వస్తే చెప్పకుండా మానేయవద్దు. కనీసం రెండు వారాల ముందు తెలియజేయండి, మీరు చేస్తున్న పనిని ఇంకొకరికి ఒకసారి దగ్గరుండి చూపించండి. ఒంటరి మనిషి దగ్గరకు వెళుతున్నవారైతే ఆ సంగతి ఫోన్‌లో కాకుండా స్వయంగా వెళ్లి చెప్పాలి, మీ తర్వాత వచ్చేవారిని వెంటబెట్టుకుని వెళ్లి పరిచయం చేయగలిగితే మరీ మంచిది.